కాలేజీలో భాష రెండో మెట్టు: బారామహల్ నుండి మదరాసు దాకా ఒక పాత కత



పోయిన కూటంలో ఒక మాట వచ్చింది, దానిమీద చానాసేపు కేకలు కూడా అయినాయి. మన ఇళ్ళ పిల్లలు బెంగళూరు కాలేజీల్లో స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ అని తీసుకుంటున్నారు, తెలుగు మాత్రం వద్దంటున్నారు అని ఒక అన్న బాధపడినాడు. ఇంకొక తమ్ముడు లేచి, తెలుగు ఇంట్లోనే వస్తుంది గదా, దానికి కాలేజీ ఎందుకు అన్నాడు. ఆ దినం మేము ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఈ రెండు మాటలకూ నడుమ ఇన్నూరేళ్ళ చరిత్ర ఉందనిపించింది. ఆ చరిత్ర మొదలయింది కూడా ఎక్కడో కాదు, మన కృష్ణగిరి, ధర్మపురి నేలమీదే. తీరిగ్గా రాస్తున్నాము. పొడుగైతే రెండు దఫాలుగా చదవండి.

మొదట ఆ స్పానిష్ సంగతి. మా తమ్ముని మనమరాలు బెంగళూరులో బీకాం చదువుతూ స్పానిష్ రెండో మెట్టు కోర్సులో ఉంది. దాని నోటు పుస్తకం తిరగేసి చూసినాము. మొదటి మెట్టులో అంతా సులువే. పేరేమి, ఊరేది, కాఫీ ఎంత, రైలు ఎన్నింటికి. రెండో మెట్టులోకి పోతేనే కథ మారుతుంది. జరిగిపోయిన పనికి స్పానిష్‌లో రెండు రూపాలు. 'అబ్లే' అంటే మాట్లాడినాను, అంతటితో అయిపోయింది. 'అబ్లావా' అంటే మాట్లాడుతా ఉంటిని. ఇంగ్లీషు మీడియం పిల్లలు దీనికి తల పట్టుకుంటారంట. మన పిల్ల మాత్రం, "ఇదేముంది తాతా, పోయినాను వేరే, పోతా ఉంటిని వేరే, అంతే గదా" అనింది. నువ్వు, మీరు అనే తేడా కూడా అంతే. 'తూ' అంటే నువ్వు, 'ఉస్తెద్' అంటే మీరు. ఇంగ్లీషులో లేని ఈ మర్యాద మన నోట్లో పుట్టుకతోనే ఉంది. ఇంట్లో ఉన్న తెలుగు అక్కడ కూలి లేకుండా పనిచేసి పెడుతోంది.

యూరోపు దేశాల వాళ్ళు 2001లో భాష నేర్చుకునే మెట్లను ఆరుగా పంచి ఒక కొలత పెట్టుకున్నారు. ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. నడిమి రెండూ, అంటే బీ1, బీ2, చేరినవాళ్ళను భాషను సొంతంగా వాడుకోగలవాళ్ళు అంటారు. భాష నేర్చుకునే వాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది కూడా ఈ నడుమనే. అంగడి మాట వచ్చేస్తుంది, కాగితం మీది మాట రాదు. నోరు తిరుగుతుంది, కన్ను తిరగదు. ఈ నడిమి మెట్టు గురించే ఈ వ్యాసం.

ఇప్పుడు 1792కు పోదాము. టిప్పు సుల్తాను శ్రీరంగపట్నం ఒప్పందం కింద బారామహల్‌ను కంపెనీకి ఇచ్చేసినాడు. కృష్ణగిరి, ధర్మపురి, తిరుపత్తూరు వైపు అన్నమాట. మన హోసూరు, డెంకణికోట వైపు మాత్రం 1799లో టిప్పు పడిపోయినాకనే వాళ్ళ చేతికి పోయింది. కొత్త జిల్లా వచ్చింది, శిస్తు వసూలు చెయ్యాల. ఎవరిని పంపాల? మదరాసులో కంపెనీ సివిలు దొరలు ఉన్నారు. వాళ్ళకు ఒక దేశభాష కూడా సరిగ్గా రాదు. దుబాసి చెప్పిందే వేదం. దుబాసి అంటేనే రెండు భాషల వాడు. రెండు భాషలూ తెలిసినవాడు ఒకడే అయినప్పుడు నిజం ఏదో, అబద్ధం ఏదో ఇంకెవరికి తెలుస్తుంది? గవర్నరు జనరలు కారన్వాలిసుకు ఇది బాగా తెలుసు. అందుకే సివిలు దొరలను పక్కన పెట్టి, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ అనే సైన్యం మనిషిని బారామహల్‌కు పంపినాడు. సైన్యంలో తిరిగినవాళ్ళకు దేశభాషలు, దేశం సంగతులు కొంత తెలుసు అని దాని వెనక లెక్క. రీడ్ తిరుపత్తూరులో కూర్చున్నాడు. ఆయన కింద ధర్మపురిలో కూర్చున్న సహాయకుడు తామస్ మన్రో. తరువాత మదరాసు గవర్నరు అయినవాడు, రాయలసీమ పల్లెల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని ఇప్పటికీ చెప్పుకునేది ఆయన గురించే.

ఇక్కడ ఒకటి గమనించాల. జమీందారు మూలంగా శిస్తు తీసుకుంటే దొరకు భాష పెద్దగా అక్కరలేదు, ఒక జమీందారుతో మాట్లాడితే చాలు. కానీ రీడ్, మన్రో బారామహల్‌లో మొదలుపెట్టింది రైతువారీ పద్ధతి. పొలం పొలమూ కొలవాల, రైతు రైతుతో లెక్క తేల్చుకోవాల. ఒక పల్లెలో తెలుగు రైతు, పక్క పల్లెలో తమిళ రైతు, గుట్ట దాటితే కన్నడం. అంతమందితో నేరుగా లెక్క పెట్టుకోవాలంటే భాష రాకపోతే కుదరదు. భాష నేర్చుకోవడం అనేది పండితుల సరదాగా మొదలు కాలేదు, మన గట్ల మీద శిస్తు లెక్కకోసం మొదలయింది. మన తాతముత్తాతల నోటి మాటే అక్కడ పాఠ్యపుస్తకం. ఈ సంగతి మన సంఘంలో ఎవరూ చెప్పగా మేము వినలేదు, అందుకే కొంచెం గట్టిగా చెబుతున్నాము.

కొన్నేళ్ళకు మదరాసు ప్రభుత్వానికి అర్థమయింది, ఎప్పుడూ సైన్యం వాళ్ళనే పంపుతా ఉంటే కాదు, సివిలు కుర్రవాళ్ళకే భాషలు నేర్పాల అని. కలకత్తాలో 1800లోనే ఫోర్ట్ విలియం కాలేజీ పెట్టినారు. మదరాసులో 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ వచ్చింది. దీన్ని నిలబెట్టిన మనిషి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, అప్పుడు మదరాసు కలెక్టరు. మదరాసులో ఇప్పుడు నుంగంబాక్కం దగ్గర కాలేజీ రోడ్డు అని ఉంది గదా, విద్యాశాఖ ఆఫీసులు ఉండే డీపీఐ ఆవరణ పక్కన. ఆ రోడ్డుకు పేరు వచ్చింది ఈ కాలేజీ వల్లనే. రోడ్డుకు పేరు మిగిలింది, కాలేజీ మాత్రం 1854లో మూతపడింది.

ఇంగ్లండు నుండి పదిహేడు, పద్దెనిమిదేళ్ళ కుర్రవాళ్ళు ఓడ దిగి నేరుగా ఈ కాలేజీకి వస్తారు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, మరాఠీ, హిందుస్తానీ, సంస్కృతం, పారసీ. వీటిలో ఎంచుకోవాల. ఒక్కొక్కరికి మున్షీ. పరీక్షలో దేశభాష కాగితాలు ఇంగ్లీషులోకి మార్చాల, ఇంగ్లీషువి దేశభాషలోకి మార్చాల, మనిషితో మాట్లాడాల. పరీక్ష దాటితే భత్యం పెరుగుతుంది, ఉద్యోగానికి పంపుతారు. బాగా ప్రావీణ్యం చూపితే నగదు బహుమతి వేరే. దేశభాషలు నేర్పే మున్షీలకు, కోర్టుల్లో న్యాయం చెప్పేవాళ్ళకు కూడా అక్కడే చదువు చెప్పినారు. తెలుగు, సంస్కృత శాఖకు పెద్ద అయ్యవారు వేదం పట్టాభిరామశాస్త్రి. రావిపాటి గురుమూర్తిశాస్త్రి ఇంకొక పండితుడు.

ఇది చదువుతుంటే మాకు మా ఉద్యోగం రోజులే గుర్తుకొచ్చినాయి. రైల్వేలో, ఇంకా కేంద్ర ప్రభుత్వం ఆఫీసుల్లో పనిచేసిన అన్నలు ఇది చదివితే నవ్వుకుంటారు. హిందీ శిక్షణ పథకం అని 1955 నుండి హోం శాఖ నడుపుతోంది. ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ అని మూడు మెట్లు. మన మాదిరి దక్షిణాది భాషల వాళ్ళకు మూడూ ఎక్కాల్సిందే. ప్రాజ్ఞ దాటితే ఒక ఇంక్రిమెంటు అంత మొత్తం పన్నెండు నెలలు సంబళంతో కలిపి వస్తుంది, మంచి మార్కులు వస్తే నగదు బహుమతి. ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ లెక్కే ఇది, దొర పోయినాడు, పద్ధతి పోలేదు. మేము తమిళ మీడియంలో చదివి వచ్చినవాళ్ళం, హిందీ అక్షరం ముక్క రాకుండా చేరినాము. ప్రబోధ్ కొట్టేసినాము. నడిమిది ప్రవీణ్. అందులో ఆఫీసు కాగితం మాటలు వస్తాయి. ప్లాట్‌ఫారం మీద మార్వాడీ సేట్‌తో హిందీలో సర్దుకుపోయే మనిషి కూడా ఆ కాగితం ముందర కూర్చుంటే చెమట పట్టేది. మా సెక్షన్లో నలుగురిలో ఇద్దరు అక్కడే ఆగినారు.

మదరాసు కాలేజీ దొరలకు కూడా అడ్డం పడింది ఇదే. దానికి పోయే ముందు ఎల్లిస్ చేసిన పెద్ద పని ఒకటి చెప్పాల, ఎందుకంటే అది మనకు సంబంధించినది.

ఆ కాలంలో కలకత్తా పండిత దొరల మాట ఏమంటే, దేశభాషలన్నీ సంస్కృతం నుండే పుట్టినాయి అని. సేరంపూరు విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణం వేసినప్పుడు ఆయన తలంపూ అదే. మదరాసు కాలేజీ బోర్డుకు కార్యదర్శి ఎ.డి. కాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసినాడు. ఎల్లిస్ దాని ముందుమాటకు ఒక పెద్ద నోటు రాసినాడు. తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన వరసగా పెట్టి చూపించినాడు. ఇవి సంస్కృతం నుండి వచ్చినవి కావు, వీటికి వేరే ఒక ఇల్లు ఉంది అన్నాడు. ధాతువులు అయినాక మాటలు, మాటలు అయినాక వాక్యం కూర్చే తీరు, ఇట్ల మూడు అంచెల్లో సాక్ష్యం పెట్టినాడు. మాటల భాగంలో ఆయనకు ఆధారం మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య, ఆంధ్రదీపిక నిఘంటువు చేసినాయన. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని మన వ్యాకరణ పండితులు ఎప్పటినుండో చేసుకున్న భాగాలనే ఎల్లిస్ వాడుకున్నాడు. కాల్డ్వెల్ పుస్తకం వచ్చింది 1856లో. అంటే దానికి నలభై ఏళ్ళ ముందే ఒక తెలుగు వ్యాకరణం ముందుమాటలో ఈ మాట అచ్చయింది. తమిళ మీడియంలో మాకు కాల్డ్వెల్ పేరు చెప్పినారు, ఎల్లిస్ పేరు చెప్పలేదు. ఎల్లిస్ 1819లో రామనాథపురంలో పొరపాటున విషం లోపలికి పోయి చచ్చిపోయినాడు. ఆయన రాసిపెట్టిన కాగితాలు ఎవరో దొర వంటవాడు పొయ్యి రాజేసుకోవడానికి నెలల తరబడి వాడుకున్నాడని చెబుతారు. ఎన్ని సంగతులు ఆ పొయ్యిలో పోయినాయో.

మన వైపు వాళ్ళకు ఎల్లిస్ నోటు చదివితే ఆశ్చర్యం కలగదు. మన అవ్వలు హోసూరు సంతలో కొత్తిమీర అమ్ముతూ పొద్దున్నుండి సందకాడ దాకా చేసేది అదే పని గదా. తెలుగులో పాలు, తమిళంలో పాల్, కన్నడంలో హాలు. పులి, పులి, హులి. పూవు, పూ, హూవు. మనం ప అన్న చోట కన్నడం వాళ్ళు హ అంటారు అని బడికి పోని అవ్వకు కూడా తెలుసు, సూత్రం చెప్పలేదు, అంతే. మన హోసూరు పేరే చూడండి, కన్నడంలో హొస ఊరు, తమిళంలో ఓసూర్, మన లెక్కన కొత్తూరు. మదరాసు కాలేజీ ఈ చుట్టరికాన్ని పాఠానికి వాడుకోవాలనుకుంది. ఒకటి బాగా వస్తే రెండోది సగం వచ్చినట్లే అని. సంతలో అది నిజమే. కాగితం మీద ఎంత నిజమో ఇప్పుడు చూద్దాము.

దొర కుర్రవాడు మొదటి మెట్టు ఎక్కినాడు. వ్యాకరణం అయింది, నాలుగు మాటలు వచ్చినాయి. రెండో మెట్టులో చదివించడానికి ఏముంది? తెలుగులో పుస్తకం అంటే పద్యమే. భారతం, భాగవతం, మనుచరిత్ర. వాటిని చదివించే పండితుని మాట ఒక రకం. రేపు కలెక్టరు కచేరీలో రైతు తెచ్చిచ్చే అర్జీ ఇంకొక రకం. నడుమ నిచ్చెన లేదు. ఈ చిక్కు దొరలకు మాత్రమే కాదు, మన పిల్లలకు కూడా ఉండేది. కాంబెల్ తరువాత బళ్ళారి కలెక్టరు అయినాడు. 1823లో అక్కడి పల్లెబళ్ళ మీద రిపోర్టు పంపినాడు. 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు అని లెక్క ఇచ్చి, పిల్లలు పద్యాలు చిలకల మాదిరి వల్లిస్తారు, అర్థం అడిగితే తెలియదు, ఎందుకంటే పద్యం భాష వేరే, ఇంట్లో భాష వేరే అని రాసినాడు. తాను తెలుగు నేర్చుకున్నప్పుడు పడిన కష్టమే ఆయన కంటికి అక్కడ కనిపించి ఉంటుందని మా అనుమానం.

అందుకని కాలేజీ వాళ్ళు వచనం రాయించినారు. రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలు 1819లో వచ్చినాయి. ఆయనే పంచతంత్రం కూడా వచనంలో రాసినాడు. తెలుగులో అచ్చయిన మొదటి మొదటి వచన పుస్తకాల్లో ఇవి కొన్ని. ఆలోచించి చూడండి, మన భాషలో అచ్చు వచనం పెరగడానికి ఒక కారణం ఎవరో పద్దెనిమిదేళ్ళ ఇంగ్లీషు కుర్రవాడు రెండో మెట్టులో ఇరుక్కుపోవడం. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది, అదీ పాఠ్యపుస్తకమే. సూరిగారు మన మాదిరి తమిళ నేలమీది తెలుగువాడే, శ్రీపెరుంబూదూరు. అయితే ఆయన వచనం గ్రాంథికం. అందంలో సందేహం లేదు. దాంతో నిచ్చెన ఇంకా నిలువుగా అయింది అని కూడా చెప్పాల.

ఈ నిచ్చెనకు అడ్డమెట్లు కట్టిన మనిషి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన పేరు మీకందరికీ తెలుసు. ఆయన తెలుగు నేర్చుకున్న తీరు మాత్రం మనం ఎక్కువగా చెప్పుకోము.

బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టినాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ పాదిరి, ఫోర్ట్ విలియం కాలేజీ పెద్దల్లో ఒకడు. ఇంగ్లండులో హెయిలీబరీలో చదివి 1817 ఆగస్టులో మదరాసులో దిగినాడు. కాలేజీలో తెలుగు చెప్పింది వెలగపూడి కోదండరామపంతులు. 1820లో పరీక్ష దాటి, ఆగస్టులో కడప కలెక్టరు హాన్‌బరీ కింద ఉద్యోగానికి పోయినాడు. అప్పటికి ఆయనకు వచ్చిన తెలుగు పరీక్షకు చాలింది. అంతే. ఆయన మాదిరి పరీక్ష దాటిన దొరలు అప్పటికే చానామంది, అందులో ఎక్కువమంది అక్కడే ఆగిపోయినారు. శిరస్తాదారు చదివి చెబుతాడు, దొర సంతకం పెడతాడు. దుబాసి పోయి శిరస్తాదారు వచ్చినాడు, తేడా అంతే.

బ్రౌన్ ఎందుకు ఆగలేదు? కడపలో ఆయన పైవాడు హాన్‌బరీ జనంతో తెలుగులోనే మాట్లాడేవాడు, అది చూసి ఈయనకు పట్టుదల వచ్చింది. 1824లో అబ్బే దూబోయి అనే ఫ్రెంచి పాదిరి పుస్తకం చదువుతుంటే వేమన పేరు కనిపించింది. వెతికితే తాళపత్రాలు, కాగితం ప్రతులు దొరికినాయి, ఒక్కొక్క ప్రతిలో పద్యం ఒక్కొక్క రకం. వాటిని పోల్చి చూసి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో వేమన పద్యాలు అచ్చు వేసినాడు. వేమన మాట రైతు మాటకు దగ్గర. రెండో మెట్టులో ఉన్నవానికి అంతకంటే మంచి పుస్తకం ఏముంటుంది? మచిలీపట్నంలో ఉన్నప్పుడు తిప్పాభొట్ల వెంకట శివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య అనే పండితుల దగ్గర కూర్చుని ఛందస్సు నేర్చుకున్నాడు. కడపలో బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, పాత ప్రతులు పోగు చేసి శుద్ధప్రతులు రాయించినాడు. అప్పులు కూడా అయినాయి. 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు. ఆ నిఘంటువు ఈ దినం కూడా మా బల్లమీద ఉంది, మా అవ్వ వాడిన మాటలు వేరే నిఘంటువుల్లో దొరకనివి దాంట్లో దొరుకుతాయి.

నిఘంటువు, వేమన అందరూ చెప్పుకునేవే. మేము చెప్పదలచుకున్నది ఆయన చిన్న పుస్తకాల గురించి. 'తెలుగు రీడర్' అని ఒకటి వేసినాడు. అందులో ఏముంది అనుకున్నారు? కావ్యం కాదు. ఇంటి జాబులు, వ్యాపారం జాబులు, పోలీసు కేసుల కాగితాలు, శిస్తు వ్యవహారాలు. మనుషులు నిజంగా రాసుకునేవి. పక్కనే ఇంగ్లీషు అనువాదం. అనంతపురం పాలెగాళ్ళ చరిత్ర ఒకటి, మామూలు జనం రాసే తెలుగులో ఉన్నది, తర్జుమా చేసి 1853లో వేసినాడు. 1855లో తాతాచారి కథలు. తాతాచారి అనే ఆయన మాటల్లో చెప్పిన చిన్న చిన్న కథలు, నవ్వు పుట్టించేవి. పండితుడు మొహం చిట్లించుకునే పుస్తకాలు ఇవి. రెండో మెట్టులో ఉన్న మనిషికి ఇవే కావాల. పద్యం తరువాత, ముందు అర్జీ. ఇది బ్రౌన్‌కు అర్థమయింది ఎందుకంటే ఆయన ఆ మెట్టులో కాలు జారకుండా పైకి పాకిన మనిషి. 1855లో ఇంగ్లండు పోయినాక, 1865లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసరు అయినాడు, 1884లో పోయినాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. మన వాళ్ళు తిరుపతి పోయి వచ్చేటప్పుడు ఒక దినం అటు పోయి చూడాల.

ఆ తరువాత మచిలీపట్నంలో ఆర్డెన్ అనే పాదిరి 1873లో 'ప్రోగ్రెసివ్ గ్రామర్' అని తెలుగు వ్యాకరణం వేసినాడు. పేరులోనే మెట్టు మెట్టుగా అని ఉంది. జనం మాట్లాడే రూపం, పుస్తకం రూపం, రెండూ చూపినాడు. ఆయనే తమిళానికి కూడా అట్లాంటిది రాసినాడు. రెండు భాషలనూ ఒకే నిచ్చెనతో ఎక్కినవాడు, మన మాదిరి మనిషి.

ఇంకొక దొర జె.ఏ. యేట్స్. 1900లు దాటినాక విశాఖ వైపు బళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చినాడు. తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టినాడు. నేర్చుకుంటా ఉంటే ఒక సందేహం. పుస్తకంలో ఉన్న తెలుగు ఎవరూ మాట్లాడటం లేదు, మాట్లాడే తెలుగు పుస్తకంలో లేదు, బళ్ళో పిల్లలకు ఏది నేర్పుతున్నారు? ఈ ప్రశ్నను విశాఖ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ముందర పెట్టినాడు. ఆయన, గురజాడ, గిడుగు కలిసినారు. వ్యావహారిక భాషా ఉద్యమం రాజుకుంది. గిడుగు రామమూర్తి పంతులు ఒక్కొక్క పండితునితో ఎట్ల వాదించినాడో మీకు తెలుసు. ఆగస్టు 29 ఆయన పుట్టినదినం, దాన్నే మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాము. అయినా ఉద్యమానికి మొదటి అగ్గిపుల్ల గీసింది రెండో మెట్టులో చిక్కుకున్న ఒక విద్యార్థి ప్రశ్న. గిడుగు కూడా భాషా విద్యార్థే, సవరల భాష వాళ్ళ నోటి నుండి నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం వేసినాడు. కింది మెట్టులో నిలబడి చూసినవానికే నిచ్చెన ఎక్కడ విరిగిందో కనిపిస్తుంది అని మేము అనుకుంటాము.

ఇంక మన సంగతి. మన తాలూకా తొరపల్లిలో పుట్టిన రాజాజీ 1938లో మదరాసు ప్రధానిగా బళ్ళలో హిందుస్తానీని తప్పనిసరి చేసినాడు. పెద్ద గలాటా అయింది, జనం జైళ్ళకు పోయినారు, 1940 ఫిబ్రవరిలో దాన్ని ఎత్తేసినారు. ఇన్ని భాషలు వినిపించే సంతకు దగ్గర పుట్టిన మనిషికి, భాష నోట్లోకి ఎట్ల వస్తుందో తెలియకుండా ఉంటుందా? తెలిసీ చట్టంతో తెప్పించవచ్చు అనుకున్నాడు. 2006లో తమిళనాడులో తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుండి ఏటా ఒక తరగతిగా పైకి పోయి, 2016లో పదో తరగతి పరీక్షకు చేరింది. మన తెలుగు బళ్ళ పిల్లలు, తల్లిదండ్రులు పడిన అవస్థ, మినహాయింపు కోసం కోర్టుల మెట్లెక్కడం మీరందరూ చూసినదే. తమిళం మీద మాకు కోపం లేదు. అది మాకు చదువు చెప్పిన భాష, అన్నం పెట్టిన భాష. మన బిడ్డలు తమిళం నేర్చుకోవాల్సిందే. నేర్చుకుంటా ఉన్నారు కూడా. తెలుగు బడి దానికి అడ్డం కాదు అన్నదే మన మాట.

చట్టం అడ్డం లేని చోటు ఒకటి ఉంది, కాలేజీ. తమిళనాడు ఆర్ట్స్ కాలేజీల్లో పార్ట్ వన్ కింద తమిళం, లేకపోతే వేరే భాష తీసుకోవచ్చు. తెలుగు కూడా ఆ వరసలో ఉంది. పిల్లలు అడగరు. అడగరు కాబట్టి అయ్యవారు ఉండడు. అయ్యవారు లేడు కాబట్టి పిల్లలు అడగరు. ఇది గుండ్రంగా తిరిగే రైలు. మార్కులు సులువుగా వస్తాయని ఫ్రెంచి తీసుకుంటారు. దాన్ని మేము తప్పు పట్టము, స్పానిష్ నేర్చుకునే మా పిల్లను చూస్తే మాకు సంతోషమే. తెలుగు ఇంట్లో వస్తుంది గదా అన్న ఆ తమ్మునికి మాత్రం మా జవాబు ఇది. తమ్ముడా, ఇంట్లో వచ్చేది మొదటి మెట్టు. మహా అయితే ఒకటిన్నర.

రుజువు మా ఇంట్లోనే ఉంది. మా తాత కాలం నాటి భూమి పత్రం ఒకటి, నాలుగు మడతలు పెట్టి రేకు పెట్టెలో ఉంది. తెలుగులో, గొలుసుకట్టు రాతలో. ఎల్లలు, గుంటలు, మామిడి చెట్లు ఎన్ని, బావిలో పాలు ఎంత, అంతా రాసి ఉంది. మా నాయన దాన్ని గడగడ చదివేవాడు. మేము తమిళ మీడియం, అయినా నాయన పక్కన కూర్చుని వేలు పెట్టి నేర్చుకున్నాము కాబట్టి కూడబలుక్కుని చదువుతాము. మా కొడుకు చదవలేడు. పోయిన ఏడు గట్టు తగువు వచ్చినప్పుడు ఆ పత్రం చదివించుకోవడానికి వాడు కుప్పం దాకా పోయి ఒక ముసలాయన్ను పట్టుకోవాల్సి వచ్చింది, మేము అప్పుడు ఆసుపత్రిలో ఉంటిమి. డబ్బిచ్చి చదివించుకున్నాడు. ఆయన చదివింది సరిగ్గా చదివినాడా లేదా అని వానికి తెలిసే దారి లేదు. 1792లో మదరాసు దొర దుబాసి ముందర కూర్చున్నట్లు మా కొడుకు ఆయన ముందర కూర్చున్నాడు, అదీ తన సొంత తాత భూమి కోసం, తన సొంత భాషలో.

అందుకని సంఘానికి మాది ఒక అడుగుబాటు. ఆదివారం తరగతిలో అ ఆ ఇ ఈ అయినాక పిల్లలను వదిలేస్తున్నాము. అక్కడ వదలకుండా రెండో మెట్టు ఒకటి పెడదాము, పదమూడేళ్ళు దాటిన పిల్లలకు, కాలేజీ పిల్లలకు. పద్యాలు వద్దు, అవి తరువాత. బ్రౌన్ చూపించిన దారినే పోదాము. తాతాచారి కథలు రెండు, మీ ఇళ్ళల్లో ఉన్న పాత జాబులు, పెళ్ళి పత్రికలు, పత్రాలు. పేర్లు, సర్వే నంబర్లు మూసి జెరాక్స్ తీసి తెస్తే చాలు. గొలుసుకట్టు చదవడం మేము నేర్పుతాము, మోకాళ్ళు ఒప్పుకుంటే హోసూరు దాకా వస్తాము, లేకపోతే అత్తిముగంలో ఐరావతేశ్వరుని గుడి దగ్గర మంటపంలో కూర్చుందాము. మీ ఇంట్లో పాత కాగితాలు ఉన్నవాళ్ళు ఈ పోస్టు కింద చెప్పండి. ఏ ఊరు, సుమారుగా ఏ కాలం, చిరిగిందా బాగుందా అని రాస్తే వరస కట్టుకుంటాము. చెదలు పట్టినవి ముందు తెండి.